డేరాలు కుట్టిన చేతులు

నేటి పఠనం: అపొస్తలుల కార్యములు 18:1–5

పౌలు కొరింథులో అడుగుపెట్టేసరికి పక్కన తోడు లేదు. సీల, తిమోతి ఇంకా మాసిదోనియలోనే ఉన్నారు. ఏథెన్సులో పండితుల మధ్య మాట్లాడి వస్తున్నాడు. అక్కడ కొందరు నవ్వారు, కొందరు ఇంకోసారి వింటామన్నారు. అలా వచ్చిన మనిషి ఆ కొత్త ఊళ్లో వెతుక్కుంటూ వెళ్లింది అకుల, ప్రిస్కిల్లల ఇంటికి. వాళ్లూ ఆ ఊరికి కొత్తే. క్రీ.శ. 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి యూదులను రోము నుంచి వెళ్లగొడితే ఉన్న ఊరు వదులుకుని వచ్చిన భార్యాభర్తలు. ముగ్గురినీ కలిపింది వృత్తి. ముగ్గురూ డేరాలు కుట్టేవాళ్లే. పౌలు వాళ్లింట్లో దిగాడు, వాళ్లతోపాటే పనికి కూర్చున్నాడు.

ఆ పని ఎలాంటిదో కాసేపు ఆలోచిద్దాం. పౌలు పుట్టిన తర్సు పట్టణం కిలికియలోది. మేకవెంట్రుకలతో నేసే ముతక గుడ్డకు ఆ ప్రాంతం పేరు మోసింది. అయితే నాలుగో శతాబ్దంలో యోహాను క్రిసొస్తొమ్ పౌలును తోలు పనివాడనే పిలిచాడు. రోమీయుల కాలంలో డేరాలకు తోలు వాడకం ఎక్కువ కాబట్టి, పౌలు చేతికింద ఉన్నది తోలేనని ఇప్పటి పండితుల్లో చాలామంది అంటారు. మేకవెంట్రుకల గుడ్డయినా తోలయినా కష్టం ఒకటే. కొలిచి కొయ్యాలి, ఆరెతో పొడవాలి, దారం లాగి బిగించాలి. నడుము వంగిపోతుంది, వేళ్లు కాయలు కాస్తాయి. కొరింథులో 1896 నుంచి తవ్వకాలు సాగుతున్నాయి. అంగడివీధి పక్కన వరుసగా కట్టిన చిన్న చిన్న కొట్ల పునాదులు అక్కడ బయటపడ్డాయి. అలాంటి కొట్లో కూర్చుని, తూర్పున కెంక్రేయ రేవుకూ ఉత్తరాన లెఖయొను రేవుకూ పోయేవచ్చే జనం మధ్య, సువార్త మోస్తున్న అపొస్తలుడు పగలంతా కుట్టుపని చేశాడు. ఏడాదిన్నర ఆ ఊళ్లో ఉన్నాడు. అకయకు గల్లియో అధిపతిగా ఉన్న కాలమని లేఖనం చెబుతుంది. డెల్ఫీలో దొరికిన శాసనాన్ని బట్టి అది క్రీ.శ. 51, 52 ప్రాంతమని చరిత్రకారులు లెక్క తేల్చారు.

ఇంతకీ డేరాలు కుట్టడమంటే పౌలుకు ఇష్టమేనా?

లేఖనం ఒక్క ముక్క కూడా చెప్పదు. తన పని గురించి పౌలు చాలా చోట్ల మాట్లాడాడు. ఎవరికీ భారం కాకూడదని రాత్రీపగలూ కష్టపడ్డానని థెస్సలొనీకయులకు రాశాడు. తనకూ తనతో ఉన్నవాళ్లకూ ఈ చేతులే అన్నం పెట్టాయని ఎఫెసు పెద్దల ముందు చెప్పాడు. కొరింథీయులకు తన శ్రమల చిట్టా రాసినప్పుడు చేతిపనిని ఆకలిదప్పుల పక్కన, దెబ్బల పక్కన పెట్టాడు. ఇన్ని చోట్లా ప్రయాస అన్నాడు, నిద్ర లేదన్నాడు. ఎందుకు చేశాడో కూడా కొన్ని చోట్ల చెప్పాడు. పని బాగా కుదిరిందనో, కుట్టు చూసుకుని మురిసిపోయాననో మాత్రం ఎక్కడా రాయలేదు. మురిసే ఉండవచ్చు, విసుగే పుట్టి ఉండవచ్చు. దేవుని ఆత్మ మనకోసం రాయించి ఉంచినవాటిలో ఆ వివరం లేదు. నాకు ఇందులో గొప్ప ఆదరణ కనిపిస్తుంది.

ఎందుకంటే ఈ తరం పిల్లల మీద ఒక పెద్ద బరువు పడింది. నీ ఉద్యోగమే నీ ప్యాషన్ కావాలి, లేకపోతే బతుకు వృథా అని కాలేజీలో చెబుతారు, ఫోన్ తెరిస్తే అదే చెబుతారు. మందిరానికి వస్తే అదే మాటకు భక్తి రంగు వేసి చెబుతాం: దేవుడు నీకోసం ఒక పని దాచి ఉంచాడు, అందులో ఉంటే నీ గుండె మండుతుంది, మండకపోతే నువ్వు ఆయన చిత్తం తప్పినట్టే. హైదరాబాదులో రాత్రి షిఫ్టులో కూర్చుని అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి మెడికల్ కోడింగ్ చేసే అమ్మాయి బీఎస్సీలో చదివింది మొక్కల శాస్త్రం. ఇంటి అప్పు కోసం ఈ కొలువులో చేరింది. పని తప్పు కాదు, జీతం నెలనెలా వస్తోంది, తమ్ముడి ఫీజు కడుతోంది. ఆదివారం ఆరాధనలో కూర్చుని మాత్రం తన బతుకు పక్కదారి పట్టిందేమోనని కుమిలిపోతుంది. గుంటూరు మిర్చి యార్డులో లెక్కలు రాసే గుమాస్తాకూ అదే బెంగ. వీసా యజమానికి ముడిపడి ఉన్నందువల్ల డల్లాస్‌లో నచ్చని ప్రాజెక్టును వదల్లేని మనవాడికీ అదే బెంగ. వీళ్లు ఏ పాపమూ చేయలేదు. పని మీద ప్రేమ పుట్టనందుకు తమను తామే దోషులుగా నిలబెట్టుకుంటున్నారు. ప్రభువు మోపని నేరం అది.

ఈ రోజు పఠనంలో అయిదో వచనం మళ్లీ చదవండి. సీల, తిమోతి వచ్చేశారు. ఆ తర్వాత పౌలు వాక్యం బోధించడంలోనే మునిగిపోయాడు. కొరింథులో తన అక్కర మాసిదోనియ నుంచి వచ్చిన సహోదరులు తీర్చారని ఆయనే మరోచోట రాశాడు. రెండూ కలిపి చూస్తే సంగతి తెలుస్తుంది: చేతికి కాస్త సాయం అందగానే ఆరె పక్కన పెట్టి వాక్యం వైపు పరుగెత్తాడు. మనసు ఎక్కడుందో అక్కడికి వెళ్లాడు. డేరాలు కుట్టినన్నాళ్లూ ఆ మనసు చచ్చిపోలేదు. ఆ పనే దాన్ని బతికించింది, తిండి పెట్టి కాచింది. కొరింథులో డబ్బున్నవాళ్ల పంచన చేరితే పౌలుకు ఆ కుట్టుపని అక్కరలేదు. వక్తలు అప్పట్లో అలాగే బతికేవారు. చేతిపని స్వతంత్రుడికి తగదని రోము పెద్దమనుషుల అభిప్రాయం. సిసిరో దాన్ని తన గ్రంథంలో రాసి కూడా పెట్టాడు. పౌలు కూలి పుచ్చుకోకుండా బోధించడం కొరింథు సంఘంలో కొందరికి చిన్నతనంగా తోచింది. బోధకుడికి జీవనం అడిగే హక్కుందని వాళ్లకు వివరంగా నిరూపించి, ఆ హక్కును తాను వాడుకోనని చెప్పాడు. ఎవరి దయా లేకుండా, ఎవరి ముఖం చూసీ మాట మార్చకుండా సువార్త చెప్పే స్వేచ్ఛను ఆ తోలుపని ఆయనకు కొనిచ్చింది.

ఎఫెసులో జరిగిన ఒక సంగతి నన్ను మరీ కదిలిస్తుంది. పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు, నడికట్లు తీసుకెళ్లి రోగుల మీద వేస్తే వాళ్లు బాగుపడ్డారని పంతొమ్మిదో అధ్యాయం చెబుతుంది. ఆ చేతిగుడ్డ పనివాళ్లు చెమట తుడుచుకునేదని, ఆ నడికట్టు పనిలో బట్టలు పాడవకుండా కట్టుకునేదని వ్యాఖ్యాతలు రాస్తారు. తురన్ను పాఠశాలలో నిలబడి వాదించినప్పటి బట్టల్ని జనం అడగలేదు. కొట్లో చెమటతో తడిసిన గుడ్డల్ని పట్టుకెళ్లారు. దేవుడు వాటినీ వాడుకున్నాడు.

మరి పని మీద ఇష్టం అక్కర్లేనిదా? అలా అనను. నిర్గమకాండములో బెసలేలును పేరుపెట్టి పిలిచి, బంగారం పని, చెక్కడపు పని చేయడానికి దేవుడు తన ఆత్మతో నింపాడు. అహోలీయాబును అతనికి తోడిచ్చాడు. చేతిపనిలో ఆనందం దేవుని దగ్గరినుంచి వచ్చేదే. కానీ ప్రసంగి గ్రంథం ఆ ఆనందాన్ని ఏమని పిలుస్తుందో చూడండి: దేవుని బహుమానం. బహుమానం అందినవాడు కృతజ్ఞతతో తీసుకుంటాడు. అందనివాడిని పట్టుకుని నీ దగ్గర ఎందుకు లేదని నిలదీయడం ఏ న్యాయం? పాఠం చెప్పడమంటే ప్రాణం పెట్టే టీచరమ్మ, పొద్దున్నే తోటలోకి పోవాలని తహతహలాడే రైతు మోకాళ్లూని స్తుతించాలి. ఆ వరం దొరకనివాళ్లను చూసి విశ్వాసం తక్కువైందని మాత్రం అనుకోకూడదు.

పారిస్‌లో కర్మెలు మఠంలో లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. ముప్పై ఏళ్ల యుద్ధంలో సిపాయిగా పనిచేసి, కాలు దెబ్బతిని, 1640లో ఆ మఠంలో చేరాడు. 1691లో చనిపోయాడు. ఆయన మాటల్ని, ఉత్తరాల్ని తర్వాత అచ్చువేశారు. దేవుని సన్నిధిలో నడవడం గురించి లోకమంతా చదివే చిన్న పుస్తకం అది. ఆయనకు అప్పగించిన పని వంటిల్లు. ఆ పనంటే ఆయనకు స్వభావసిద్ధంగానే గిట్టేది కాదని ఆ పుస్తకమే దాచకుండా చెబుతుంది. పదిహేనేళ్లు ఆ గిట్టని వంటింట్లోనే ఉన్నాడు. దేవుని మీద ప్రేమతో చేస్తున్నానని అనుకుంటూ, ప్రార్థించుకుంటూ చేస్తే పని తేలికైందన్నాడు. వంటమీద మోజు పుట్టిందని అనలేదు. తర్వాత చెప్పులు బాగుచేసే కొట్టుకు మార్చారు. అది నచ్చింది. అయినా అవసరమైతే దీన్నీ వదిలేయడానికి సిద్ధమేనన్నాడు. నచ్చని పనీ నచ్చిన పనీ రెండూ చేసి చూసినవాడు కాబట్టి ఆయన మాటకు నా దగ్గర విలువ ఎక్కువ. ఆయన ప్రేమ ప్రభువు మీద ఉంది, అందుకే ఏ పనీ ఆయనను పట్టి ఉంచలేదు, ఏ పనీ ఆయనను విరగ్గొట్టలేదు.

మన నేల మీదికి వద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలుకు వచ్చింది 1866లో. ఆయన దగ్గరికి పడమటి పల్లెల నుంచి మొదట్లో వచ్చినవారిలో ఎర్రగుంట్ల పేరయ్య ఒకరు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. తోలు ఊనడం, చెప్పులు కుట్టడం, కపిల బానలు తయారుచేయడం ఆ కులం నెత్తిన ఊరు పెట్టిన పనులు. లంద కంపు కొట్టేది తోలు. అంటరానివాళ్లని పేరు పడేది మనుషులకు. ఆ చేతులు తయారుచేసిన బాన లేకుండా ఊళ్లో ఏ బావి నీళ్లూ పొలానికి పారేవి కావు, అయినా ఆ చేతుల్ని తాకరాదు. పేరయ్య తోళ్ల బేరానికి తిరిగిన పల్లెల్లోనే, తనకు తెలిసిన గడపల్లోనే సువార్త చెప్పాడు. పౌలు కూడా తోలుపని చేసినవాడేమోనని పండితులు అంటున్నప్పుడు నాకు ముందుగా ఆ పల్లెలే గుర్తొస్తాయి. ఊరు అంటరాదన్న పనిలోంచి ప్రభువు తన సాక్షిని పిలుచుకున్నాడు.

పదేళ్లకు కరువు వచ్చింది. 1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశాన్ని మాడ్చిన ఆ కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ గుత్తకు తీసుకున్నాడు. కుర్రతనంలో సర్వే పని నేర్చినవాడు కాబట్టి కొలతలు ఆయనకు వచ్చు. సువార్త బోధకులే మట్టిపనికి మేస్త్రీలయ్యారు. ఒక్కొక్కరి కింద ఒక జట్టు. పగలు గడ్డపారలు, తట్టలు; జనం అలసి కూర్చున్నప్పుడు వాళ్ల పక్కనే కూర్చుని ప్రభువు మాట. ఆ బోధకుల్లో ఎవరికైనా కాలువ తవ్వించడం జీవితాశయమా? తవ్వినవాళ్లకు మట్టి మోయడం మీద మమకారమా? వాళ్లకు కావలసింది కూలి. పిల్లలకు గంజి. కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని క్లౌ కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సంఘాల్లో ఎన్నో కుటుంబాల వేర్లు ఆ మట్టితట్టల దగ్గరికే పోతాయి. వాళ్ల విశ్వాసం నచ్చిన ఉద్యోగంలో పెరిగింది కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉన్న పనిలో ప్రభువును సేవించమనే బోధను బలవంతుడు తనకు అనుకూలంగా వాడుకుంటాడు. మనుషుల కోసం కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమని కొలొస్సయులకు రాసినప్పుడు పౌలు మాట్లాడుతున్నది దాసులతో. ఆ పనిని వాళ్లు కోరుకోలేదు, వాళ్లను ఎవరూ అడగనూ లేదు. అలాంటివాళ్లకు ఆ మాట గౌరవం ఇచ్చింది: నీ అసలు యజమాని వేరే ఉన్నాడు, నీ కష్టం ఆయన చూస్తున్నాడు, ప్రతిఫలం ఆయన ఇస్తాడు. కానీ ఆ వెంటనే యజమానుల వైపు తిరిగి న్యాయంగా ఇవ్వమన్నాడు, వాళ్లకూ పరలోకంలో యజమాని ఉన్నాడన్నాడు. ఇంకోచోట, స్వతంత్రుడివయ్యే వీలుంటే అందుకో అని దాసుడికి చెప్పాడు. ఈ రెండు మాటలూ విడిచిపెట్టి మొదటిది ఒక్కటే బోధించడం వాక్యాన్ని సగం కొయ్యడమే. చేతులతో మలం ఎత్తించడాన్ని ఈ దేశం 1993లో చట్టంతో నిషేధించింది, 2013లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. ఆ పనిలో నలిగేవాడికి నీ పనిని ప్రేమించు అని పులిపీఠం మీదినుంచి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అతన్ని అందులోంచి బయటకు తేవడమే మన పని.

అలాగే సేవ అనే మాట. ఆసుపత్రిలో జీతం పెంచమని అడిగిన నర్సమ్మకు, ఇది ఉద్యోగం కాదమ్మా సేవ అని చెప్పి పంపేస్తే, ఆమె భక్తిని ఆమె మీదికే తిప్పినట్టు. కోత కోసినవాళ్ల కూలి బిగబట్టితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు రాశాడు. పనిని ప్రేమించేవారికి పూర్తి జీతం ఇవ్వాలి. ప్రేమించనివారికీ ఇవ్వాలి. పని మారే దారి ఉన్నవాళ్లు మారడం అవిశ్వాసం కాదు. ప్రార్థించి, ఇంటివాళ్లతో మాట్లాడి, మారండి.

మారే దారి లేనివాళ్లారా, ఇప్పటికి ఈ కొలువే మీ చేతిలో ఉన్నవాళ్లారా, మీతో ఇంకొంచెం మాట్లాడతాను. మీ పని అబద్ధం మీద నడవనంతవరకు, ఎవరి కడుపూ కొట్టనంతవరకు, దాన్ని సిగ్గుపడకుండా ప్రభువు ముందు పెట్టవచ్చు. మెడికల్ కోడింగ్ చేసే అమ్మా, నువ్వు కోడు సరిగ్గా వేస్తే ఎక్కడో ముక్కూమొహం తెలియని ఒక రోగికి బిల్లు తప్పు రాదు. అది పొరుగువాణ్ని ప్రేమించడమే. నీకు మొక్కలంటే ప్రాణమైతే ఆ ఇష్టాన్ని ఉద్యోగంగా మార్చుకోలేకపోయానని చంపుకోకు. బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టు, సండే స్కూలు పిల్లలకు ఆకుల పేర్లు నేర్పు. పౌలు పగలు కుట్టి, విశ్రాంతిదినాన సమాజమందిరంలో తర్కించాడు. వారానికి ఆ ఒక్కరోజైనా వాక్యాన్ని వదల్లేదు. పక్క కుర్చీలో ఎవరున్నారో కూడా చూడు. పౌలుకు అకుల, ప్రిస్కిల్లలు దొరికింది పనిలోనే. వాళ్లు తనకోసం ప్రాణాలకు తెగించారని ఆయన తర్వాత రోమీయులకు రాశాడు. అపొల్లో అనే బోధకుణ్ని ఇంటికి తీసుకెళ్లి దేవుని మార్గం ఇంకా స్పష్టంగా నేర్పింది ఆ భార్యాభర్తలే. ఎఫెసులోనూ రోములోనూ వాళ్లింట్లోనే సంఘం కూడుకుంది. పని నచ్చకపోయినా పనిచోట దొరికే మనుషుల్ని దేవుడు ఊరికే పంపడు.

ప్రార్థన

ప్రభువా, వడ్రంగి కొట్లో పనిచేసిన నీకు మా పనిదినం ఎలా గడుస్తుందో తెలుసు. మా ఉద్యోగం మీద ప్రేమ పుట్టనందుకు మేము మోస్తున్న నేరభావాన్ని ఈ ఉదయం మామీదినుంచి దించు. పని నచ్చినవారికి కృతజ్ఞత ఇవ్వు. నచ్చనివారికి ఓర్పు ఇవ్వు, దారి ఉంటే చూపించు, ఆ దారిలో నడిచే ధైర్యం ఇవ్వు. రాత్రి షిఫ్టు నుంచి ఇంటికి వస్తున్నవారిని క్షేమంగా చేర్చు. పుట్టుక వల్ల నెత్తిన పడిన పనిలో ఇంకా మగ్గుతున్నవారిని విడిపించడానికి మా సంఘాన్ని కదిలించు. మా దగ్గర పనిచేసేవారికి ఈ నెల జీతం వేళకు, పూర్తిగా ఇచ్చే మనసు మాకు దయచెయ్యి. పని దొరకక ఈ రోజు కూడా అడ్డా మీద నిలబడినవారి ఇంట్లో పొయ్యి వెలిగించు. నీ నామంలోనే అడుగుతున్నాం, ప్రభువా. ఆమేన్.